వంటర్రలో రాజమ్మ వదిలిన పట్టె

మా పెద్దవదినె రాజమ్మ గురించి చెప్పుకోవడానికి ఘనకార్యాలేమీ లేవు. ఆమెకు చదువు లేదు. విరూర్ స్టేషన్‌లో రైలు ఆగడం చూసిందే గాని ఎక్కి దూరం పోయింది లేదు. పొద్దున లేస్తే ఇల్లు, ఎండెక్కితే చేను, మళ్లీ ఇల్లు. అట్లా బతికి, అట్లాగే వెళ్లిపోయింది. ఈ ముసలితనంలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు తరచూ ఆమె చేతులు గుర్తొస్తాయి. మోచేతి దాకా తెల్లమన్ను అంటిన చేతులు. గొప్పవాళ్ల జీవితాలు చాలానే చదివాను. నిజంగా మెచ్చుకోవాలనిపించిన మనిషి ఎవరని నన్ను నేను అడిగితే మాత్రం జవాబు మా ఇంట్లోనే దొరుకుతుంది.

మాది రాజురా తాలూకాలో వాగు ఒడ్డున ఒక చిన్న ఊరు. విరూర్ అంగడికి బండి కట్టుకుని పోయి చీకటి పడేలోగా తిరిగి రావచ్చు. ఇంట్లో పెద్దన్న ఇస్తారి, చిన్నన్న బాలకిషన్, చివరిదాన్ని నేను, రుక్మిణి. రాజమ్మ పెద్దన్న భార్య. వాగుకు అవతలి ఊరి పిల్ల. తన జడ తాను వేసుకోవడం రాని వయసులో మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ఆమెకు వంట నేర్పకముందే గోడ అలకడం నేర్పింది. అమ్మ పోయాక వంటర్ర, అంటే మా వంటగది, పూర్తిగా ఆమెదయింది. చేను ముందు నాన్న పేర, తర్వాత అన్న పేర. ఇల్లూ అంతే. వంటర్ర గోడల మీద వేళ్ల గుర్తులు మాత్రం రాజమ్మవి.

మా దిక్కు దీపావళికి ముందర వసారా గోడలు, గడపలు, దేవుని అర్ర అలికి ముగ్గులు పెడతారు. వంటర్ర జోలికి పోరు. పండుగ పిండివంటలకు ఎట్లాగూ మసి పడుతుంది కదా అని. పండుగ దాటి, ప్రమిదలు కడిగి బోర్లించాక, పత్తి ఏరడం జోరందుకోకముందు కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు వంటర్ర వంతు. ఎండాకాలమంతా వంట పెరట్లో. వానాకాలం తిండి వసారాలో. చలి మొదలైందంటే మాత్రం ఇల్లంటే వంటర్రే. తినడం, పడుకోవడం, పిల్లలకు నీళ్లు పోయడం, ముసలివాళ్లు కాళ్లు కాచుకోవడం, వచ్చిన వాళ్లతో ముచ్చట్లు, అన్నీ పొయ్యి చుట్టూనే.

రాజమ్మ ముందు పెంకు ముక్కతో గోడల మసి గీకేది. వానలకు ఉబ్బి రాలిన చోట, ఎలుకలు తొలిచిన చోట, వడ్ల ఊక కలిపి తొక్కిన మన్ను మెత్తేది. అది ఆరాక పేడమన్నుతో అలుకు. ఆమె చేయి గోడ మీద విల్లులాగా వంగి తిరిగేది. ఆ వంపులు ఒకదాని పక్కన ఒకటి చేప పొలుసుల్లా పడేవి. కింద నడుమెత్తు దాకా జాజు, ఎర్రగా. పైన వాగు అవతలి గడ్డ నుంచి తెచ్చిన తెల్లమన్ను. ఎరుపూ తెలుపూ కలిసే చోట, ఈతపుల్లను నమిలి కుంచె చేసుకుని బొమ్మలు వేసేది. చిలుకలు, దువ్వెనలు, కంకులు వేసిన జొన్నకర్రలు. ఒకసారి రైలు వేసింది. దానికి ముందర రెండు ఎద్దుల్ని కట్టింది. మేం నవ్వితే, "మరి లేకుంటె ఏం గుంజుతది?" అంది.

గోడలయ్యాక చలికాలపు సింగారం. వాసాలకు వెల్లుల్లి జడలు, దూలానికి విత్తనం కోసం కట్టిన మక్క కంకులు, మేకుకు ఎండుమిరప దండ, అటక మీద గుమ్మడికాయలు, కిటికీకి గోనెపట్ట, నేల మీద మందంగా వరిగడ్డి పరిచి పైన చాప. పండుగకు గడపకు కట్టిన బంతిదండలు వాడితే పారేసేది కాదు, తెచ్చి పొయ్యి పైనున్న గోడకు వేలాడదీసేది. వాటికి దోమలు రావనేది. వచ్చేవి. అయినా ఆ గదిలోకి అడుగుపెడితే చలి గడప దగ్గరే ఆగిపోయినట్టు ఉండేది.

నేను చెప్పబోయే చలికాలం మా తాలూకా రాజ్యం మారిన ఏడాదిది. అంతవరకు మేం హైదరాబాదు రాజ్యంలో ఆదిలాబాదు జిల్లా వాళ్లం. ఆ పండుగ రోజుల్లోనే మమ్మల్ని బొంబాయి రాష్ట్రంలో కలిపారన్నారు. ముందు నాందేడు జిల్లా అన్నారు, కొన్నేళ్లకు చాందా జిల్లా అన్నారు. రాజమ్మ పుట్టిన ఊరు వాగుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. ఆమె తెల్లమన్ను గంప నెత్తిన పెట్టుకుని వాగు దాటి వస్తుంటే పక్కింటి సమ్మక్క గట్టు మీద నిలబడి అరిచింది.

"ఓ రాజమ్మా! పరాయి రాజ్యం మన్ను తెస్తున్నవ్. నాకా కాడ పోలీసోళ్లు పట్టుకుంటరు సూడు!"

"పట్టుకుంటె మంచిదే. జర గంప దించమను, మెడ గుంజుతున్నది."

ఆ ఏడాది నేను తొలి కాన్పుకు బామ్ని నుంచి పుట్టింటికి వచ్చి ఉన్నాను. కడుపుతో వంగి పని చేయలేను. వంటర్రలో చాప మీద కూర్చుని చిక్కుళ్లు ఒలవడం, చూడటం, ఇదే నా పని. అందుకే జరిగిందంతా నాకు ఇంత బాగా తెలుసు.

ఆ పండుగకే అన్నలు వేరుపడాలనుకున్నారు. రాజ్యం మారింది గనుక భూమి కాగితాలు మరాఠీలో కొత్తగా రాస్తారట, ఆ ఊపులోనే రెండు పేర్లు వేరువేరుగా రాయించుకుంటే పనైపోతుందని బాలకిషన్ అన్న పట్టుబట్టాడు. పెద్దన్న సరేనన్నాడు. కొట్లాట ఏమీ లేదు. చేను పంచుకున్నారు. ఎడ్లు పంచుకున్నారు. ముందటి అర్రలు చెరొకటి. వంటర్ర మిగిలింది. అది ఇంటి వెనక ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగ్గా ఉండే ఒకే గది. పెద్దమనుషులు వచ్చి నడిమధ్యన రెండు గూటాలు కొట్టి తాడు కట్టారు. ఆ తాడు వెంట పచ్చిటుకల గోడ లేపాలి. పాత పొయ్యి ఉన్న తూర్పు సగం పెద్దన్నది. ఇంటి పొయ్యి పెద్దకొడుకుకే అన్నది మా ఆచారం. పడమటి సగంలో చిన్నన్న కొత్త పొయ్యి పెట్టుకోవాలి.

అప్పుడు రాజమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. పెద్దమనుషుల ముందు ఆమె నోరు తెరవడం నేను చూసింది అదొక్కసారే.

"మామా, చేన్ల నాకు మాట లేదు. ఎడ్లల్ల లేదు. వంటర్ర ఒక్కటి నడుమకు కొయ్యకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"మరి చిన్నోడు యాడ వండుకోవాలె బిడ్డా?" అన్నాడు వాళ్లలో ముసలాయన.

బాలకిషన్ అన్న తల దించుకునే అన్నాడు. "వదినె, నీ మీద నాకు కోపం లేదు. కాని జయ మొఖం సూసినవా? పెండ్లయి ఏడాది కావొస్తున్నది. ఇంట్ల సుట్టం లెక్కనే ఉన్నది."

జయ అతని భార్య. గోండ్‌పిప్రిలో బట్టల దుకాణం నడిపే వాళ్ల పిల్ల. లోపలి నుంచే అందుకుంది.

"సుట్టమైతే నయముండె. సుట్టానికి ఎవరన్న బిందెలు మోసే పని చెప్తరా?"

మా ఇంట్లో కొత్త కోడలు మొదటి ఏడాది పొయ్యి ముట్టకూడదు. నీళ్లు తేవాలి, కూరలు తరగాలి, అంట్లు తోమాలి. పొయ్యిలో కట్టె కూడా ఎగదోయకూడదు. అది అమ్మ పెట్టిన పద్ధతి. రాజమ్మ తన మొదటి ఏడాది అట్లాగే గడిపింది, కష్టమనుకోలేదు. జయ కూడా అనుకోదని అనుకుంది. పుట్టింట్లో తల్లి పక్కన కూర్చుని వండిన పిల్ల జయ. ఆమెకు కావలసింది తనదంటూ ఒక పొయ్యి. అది గోడతో పాటే వస్తుందనుకుంది.

పెద్దమనుషులు మాట మార్చలేదు. గోడలు పెట్టే వెంకటికి కబురు పోయింది. విరూర్‌లో చేతిలో ఉన్న పని కాగానే వస్తానన్నాడు. పెరట్లో ఇటుకలు ఎండుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే రాజమ్మ పెంకు ముక్క తీసుకుని వంటర్ర మసి గీకడం మొదలుపెట్టింది. నిప్పు కోసం వచ్చిన సమ్మక్క నోరు తెరుచుకుని నిలబడింది.

"పిచ్చి లేసిందా ఏందే నీకు? ఇయ్యాలో రేపో నడుమ గోడ లేస్తది. ఇప్పుడు సింగారం చేస్తవా?"

"గోడ లేసేదాక సలి ఆగుతదా? రుక్కమ్మ ఈడనే కనాలె గదా."

"చేస్తె చేసినవ్, నీ సగం చేసుకో. ఆ దిక్కు నీకెందుకు? వాళ్లకు సేతుల్లేవా?"

"ఉన్నయ్. నాకు గుడ ఉన్నయ్" అని మళ్లీ గీకడంలో పడింది.

మన్ను మెత్తే రోజు గాని నాకు విషయం కనిపించలేదు. తూర్పు నుంచి మెత్తుతూ వచ్చి తాడు దగ్గర ఆగింది. తాడుకు ఇటు జానెడు, అటు జానెడు వదిలేసి, అవతల మళ్లీ మొదలుపెట్టింది. గోడ మీద కింది నుంచి వాసాల దాకా, నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, అలకని ఒక పట్టె మిగిలిపోయింది.

"గిదేంది వదినె, నడుమ ఇడిసిపెట్టినవ్?"

"అలికిన గోడకు ఇటుక అతకది పిల్లా. ఎంకటి మల్ల గీకాలె. గీకితే అటిటు పగుళ్లు వడ్తయ్. గిట్లుంటె గోడ సక్కగ లేస్తది."

వద్దని కాళ్లు మొక్కుతానన్న గోడ అది. దానికి పీట వేసి కూర్చోబెట్టినట్టు చోటు సిద్ధం చేస్తోంది. ఆమె ముఖంలో అలకగాని, ఎత్తిపొడుపుగాని ఉందేమోనని చూశాను. లేదు. పట్టె అంచు వంకర పోకుండా బొటనవేలితో సరి చేస్తోంది.

ఆ రోజు అన్నానికి వచ్చిన అన్నలిద్దరూ కంచాలు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. పెద్దన్న ఇటు కూర్చున్నాడు, చిన్నన్న అటు. పట్టె తొక్కకుండా ఇద్దరూ కాళ్లు దగ్గరికి ముడుచుకున్నారు.

పడమటి సగానికి రాజమ్మ తెల్లమన్ను రెండు పూతలు పూసింది. తన సగానికి ఒక్క పూతే వచ్చింది. మన్ను అయిపోయిందంది. కొత్త పొయ్యికి రాళ్లు పేర్చి, మన్ను పెట్టి, ఆకారం తెచ్చాక ఆగి పిలిచింది.

"జయా, ఇగ రా. పైపూత నువ్వే పుయ్యాలె. నీ పొయ్యి."

జయ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "ఏడాది నిండలే గదా అక్క. ఇంక కొన్నొద్దులు బాకీ ఉన్నయేమో."

"అది మా అత్త లెక్క. నాకు లెక్కలు రావు. రా, మన్ను ఆరుతున్నది."

జయ కూర్చుని పూసింది. చేయి తిరిగినదే. అయ్యాక రాజమ్మ ఈతపుల్ల ఇవ్వబోతే వద్దంది. "మా గోండ్‌పిప్రిల చిలుకలు గిట్ల ఎయ్యరు. పంజాలేస్తరు." బియ్యప్పిండి నీళ్లలో అరచేయి ముంచి, ఎర్ర జాజు మీద వరసగా చేతి గుర్తులు ఒత్తింది. రాజమ్మ పక్కన నిలబడి చూసింది.

"నీ సెయ్యి ఇంత సన్నగున్నదేందే? ఇన్నొద్దులు బిందె ఎట్ల మోసినవ్?"

జయ నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది.

వెంకటి రావడం ఆలస్యమైంది. జయ ఇక ఆగలేకపోయింది. గోనెపట్టలు కలిపి కుట్టి, వాసానికి తాడు కట్టి, పట్టె పొడుగునా పరదా వేయించింది. "ఎంకటి అచ్చేదాక గిదే గోడ" అంది. మంచి రోజు చూసుకుని, పసుపు కుంకుమ పెట్టి, కొత్త పొయ్యి ముట్టించింది.

పడమటి సగం మీద అటక ఉంది. కిందికి వంగిన పలకల అటక. ఇన్నేళ్లూ పొగ ఎక్కడ పుట్టినా తూర్పు గోడ పైనున్న కంత వెతుక్కుని పోయేది. పరదా పడేసరికి దారి మూసుకుపోయింది. పొగ అటక పలకలకు తగిలి వెనక్కి దిగింది. గది పంచిన పెద్దమనుషులు నేల కొలిచారు గాని, పొగ సంగతి వాళ్లకేం తెలుసు. రాజమ్మకు తెలియాలి. ఆమె కూడా తల ఎత్తి చూడలేదు. ఆ గదిని ఎన్నడూ ఒకటిగా తప్ప ఊహించుకోలేదు కాబట్టి కావచ్చు.

జయ దగ్గుతూ పరదా తోసుకుని వచ్చింది. కళ్ల వెంట నీళ్లు. వెనక తెల్లటి గోడలు పైనుంచి నల్లబడుతున్నాయి. పంజాలు కూడా మసిబారాయి.

"ఎలుగు నువ్వుంచుకొని పొగ నాకిచ్చినవా అక్క! రెండు పూతలు పూసింది అందుకేనా? పైన తెల్లగ సూపెట్టి మోసం చేస్తవా?"

అరుపులకు బాలకిషన్ అన్న పరుగెత్తుకొచ్చాడు. పొగ చూశాడు, వదినెను చూశాడు. "నేను పుట్టి బుద్దెరిగిన కాన్నుంచి ఈ వంటర్ర నీదే గదా వదినె. నీకు ఎరుక లేకుంటదా?"

రాజమ్మ పిండి చేతులతోనే పరదా పైకెత్తి అటక వైపు చాలాసేపు చూసింది.

"ఎరుక లేదయ్యా" అంది. "ఉండాలె. కాని లేదు."

ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు. పెద్దన్న వచ్చాక అటక విప్పుదామా అన్నారు. విప్పితే విత్తనాలు ఎక్కడ పెట్టాలి? పడమటి గోడకు కంత కొడదామా అన్నారు. దాని అవతల దేవుని అర్ర. వాళ్లు మాట్లాడుతుండగానే రాజమ్మ పాత పొయ్యి మీది గంజి కుండ దించింది.

"జయా, నీ గిన్నెలు ఇటు తే. ఈ సగం మీది. ఆ సగం మేం తీసుకుంటం."

పెద్దన్న అదిరిపడ్డాడు. "ఏం చేస్తున్నవే? పెద్ద పొయ్యి మనది. తాతల కాన్నుంచి పెద్దోనికే. ఊరేమంటది?"

"ఊరొచ్చి అటక కింద వండుతదా?"

"నేను ఒప్పుకోను."

"నువ్వెన్నడన్న పొయ్యి ఊదినవా? ఒక్క పూట ఊది చెప్పు, అప్పుడు నీ మాట ఇంట."

పెద్దన్న కండువా దులిపి భుజాన వేసుకుని చేనుకు పోయాడు. జయ మాత్రం కదల్లేదు. రాజమ్మే ఆమె గిన్నెలు ఒక్కొక్కటి మోసుకొచ్చి, తన గూట్లో తన గిన్నెలుండే చోట సర్దింది. తనవి తీసుకుని పరదా అవతలికి వెళ్లింది. నేను చాప చుట్టుకుని వెంట పోబోతే ఆపింది. "నువ్వు ఈడనే ఉండు. కడుపుల బిడ్డ. ఎచ్చగుండాలె."

చలి ముదిరింది. నేను, జయ వెచ్చటి సగంలో ఉన్నాం. మా చుట్టూ రాజమ్మ వేసిన చిలుకలు, ఆమె కట్టిన వెల్లుల్లి జడలు. పరదా అవతలి నుంచి ఆమె దగ్గు వినిపించేది. పొగ తక్కువ రావాలని బాగా ఎండిన సన్న పుల్లలే వాడేది. రొట్టెలు గబగబా కాల్చి నీళ్లు చల్లి పొయ్యి ఆర్పేసేది. ఆమె కూతుళ్లిద్దరూ చిన్నపిల్లలు. వాళ్లకు హద్దులు తెలియవు. పరదా కింద దూరి వచ్చి మా పొయ్యి దగ్గర చేతులు కాచుకుని పోయేవాళ్లు. జయ వాళ్లను పొమ్మనలేదు. ఒకసారి వాళ్ల చేతుల్లో బెల్లం ముక్క కూడా పెట్టింది, అవతలికి వినపడకుండా.

"ఆమె నన్నెందుకు ఏమంటలేదు?" అని జయ నన్ను అడిగింది.

"ఏమనాలె వదినె?"

"తిట్టాలె. నేనైతే తిడుదును. గోండ్‌పిప్రి దాక ఇనొచ్చేటట్టు తిడుదును."

అని పొయ్యిలో కట్టె గట్టిగా ఎగదోసింది.

ఒక పొద్దున రాజమ్మ దగ్గర తెచ్చిన జల్లెడ తిరిగి ఇవ్వడానికి జయ పరదా ఎత్తింది. ఎత్తినది అట్లాగే నిలబడిపోయింది. నేను మెడ సాచి చూశాను. రాజమ్మ మసి పట్టిన గోడకు మళ్లీ జాజు పూస్తోంది. పూయడం ఎన్నోసారో తెలియదు. రెండు మూడు రోజులకోసారి పూస్తుందని ఆమె పిల్లలు చెప్పారు. ఆమె చేయి జయ ఒత్తిన పంజాల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించింది. వేలి కొసకు గుడ్డపీలిక చుట్టుకుని ఒక్కో పంజా చుట్టూ, వేళ్ల సందుల్లో కూడా, జాగ్రత్తగా పూసుకుంటూ పోతోంది. గోడంతా ఎర్రగా తేరుకుంది. పంజాలు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఒక్క వేలు కూడా చెరగలేదు.

"గవి నల్లగైనయ్ గదా అక్క. వాటి మీదికెల్లి పూసెయ్యకపోయినవా?"

"నువ్వేసినవి. నేనెట్ల పూస్త?" అంది రాజమ్మ, చేయి ఆపకుండానే.

జయ జల్లెడ కింద పెట్టింది. పీట ఎక్కి వాసానికున్న ముడి విప్పింది. పరదా మొత్తం కిందికి వచ్చింది. దులిపి, మడత పెట్టి, తెచ్చి నా కాళ్ల మీద కప్పింది.

"ఏమైందే?" అంది రాజమ్మ వెనక్కి తిరిగి.

"గోనెల దుమ్ము కూరల పడుతున్నది. బస్."

అటక కింద మిగిలిన పొగ మెల్లగా కదిలి మా నెత్తుల మీదుగా తూర్పు కంతకు పోయింది. రాజమ్మ దాన్ని చూసింది, జయను చూసింది, మళ్లీ జాజు గిన్నెలో చేయి పెట్టింది.

వెంకటి వచ్చింది ఆ తర్వాతే. తాపీ, దారం గుండు పట్టుకుని వంటర్రలోకి వచ్చి పట్టె దగ్గర ఆగాడు. ఒంగి చూశాడు, చేత్తో తడిమాడు.

"ఎవరు జేసిండ్రమ్మా ఇది? ఇన్నేండ్ల సంది గోడలు పెడుతున్న, గోడకు ఇంత మర్యాద జేసినోళ్లను సూడలే."

"మా వదినె" అన్నాడు బాలకిషన్ అన్న కాస్త ఇబ్బందిగా. "ఇగ మొదలువెట్టు."

"గోడ వద్దు" అంది జయ.

"ఏంది?"

"వద్దంటున్న."

"ఏడాది సంది నువ్వే గదా నా పానం తీస్తివి!"

"పొయ్యి గావాలన్న. గోడ గావాలని ఎన్నడన్న అన్ననా?"

అన్న జయ దగ్గరికి వచ్చాడు. "మరి వేరుపడుడు?"

"చేను వేరైంది. ఎడ్లు వేరైనయ్. వంట గుడ వేరేనే వండుకుంటున్నం. ఎండాకాలం రాంగనే గవే ఇటుకలతోని పెరట్ల నాకొక వంటర్ర కట్టియ్యి. కంత పెద్దగ పెట్టియ్యి. అప్పటిదాక ఇద్దరం ఈడనే వండుతం. ఆమె పొయ్యి ఆమెకు, నా పొయ్యి నాకు."

"ఏది ఎవరిది?" అన్నాడు పెద్దన్న మెల్లగా.

"పెద్దది అక్కది" అంది జయ. "నేను పూసింది నాది."

"మరి నన్నెందుకు పిలిచిండ్రు?" అన్నాడు వెంకటి.

"కూసో. రొట్టె తిని పో" అంది రాజమ్మ. పిసుకుతున్న పిండిలో ఇంకో రెండు గుప్పిళ్లు పోసుకుంది. ఆ పూట ఎన్ని రొట్టెలు చేసిందో ఆమెకే తెలియదు. వెంకటి తిన్నాడు, మేం తిన్నాం, సమ్మక్క ఇంటికి పంపాం, ఇంకా మిగిలాయి.

ఆ చలికాలమంతా ఒకే గదిలో రెండు పొయ్యిలు మండాయి. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. వదినెల్లో ఒకరు స్నానానికి నీళ్లు కాస్తుంటే ఇంకొకరు కారంపొడి వేయించారు. నీళ్లు ఎక్కువ వేడయ్యాయని ఒకరు, బాలింతకు అంత వేడి ఉండాల్సిందేనని ఒకరు, ఇద్దరూ నా నెత్తి మీద కొట్లాడుకున్నారు. నాకు ఆ లొల్లి హాయిగా అనిపించింది. మధ్యలో పట్టె మాత్రం చలికాలమంతా అట్లాగే ఉంది. చలికి మన్ను తొందరగా ఆరదని రాజమ్మ దాన్ని ముట్టుకోలేదు. పిల్లలు దాని మీద గవ్వలాడుకునేవాళ్లు.

ఆ వంటర్రను ఆ తర్వాత కూడా ఎవరూ కోయలేదు. రాజమ్మ బతికినన్నాళ్లు, ప్రతి దీపావళి దాటాక, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆమె చేతులతోనే అలికింది.

నేను బిడ్డను తీసుకుని బామ్ని పోయే ముందర పెరట్లో జయ వంటర్ర తయారైంది. చిన్నదే. కంత మాత్రం కిటికీ అంత పెట్టించుకుంది. గోడలు అలికే రోజు రాజమ్మ చీర ఎగదోపుకుని మన్ను తొక్కుతోంది.

"అక్క, ఒక్క దిక్కన్న నువ్వెయ్యవా?" అంది జయ, పిండిగిన్నె పట్టుకుని.

"నీ గోడ. నువ్వే ఎయ్యి. నేను మన్ను తొక్కుత."

జయ పంజాలు ఒత్తడం మొదలుపెట్టింది. వరస వంకర పోయింది. రెండో వరస ఇంకా వంకర పోయింది. రాజమ్మ మన్నులోంచి కాళ్లు తీసి దగ్గరికి వచ్చింది. చేయి ముందుకు పోబోయింది. దాన్ని వెనక్కి తీసుకుని, రెండు చేతులూ నడుము వెనక కట్టేసుకుని, ఒక చేత్తో ఇంకో మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడింది.

జయ వెనక్కి జరిగి తల వంచి చూసుకుంది. "మంచిగున్నదా అక్క?"

"నన్నడుగుతవేందే?" అంది రాజమ్మ. "ఈడ వండేది నువ్వు."